బతుకమ్మ బ్యానర్ మీద టైటిల్ కంపెనీకి ఏం పని? డాలస్ ఇళ్ల మార్కెట్‌ని అక్కణ్నుంచి చూస్తే

డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా వైపు ఉగాదికో బతుకమ్మకో వెళ్తే, స్పాన్సర్ల బ్యానర్ మీద బిర్యానీ హోటళ్లు, నగల షాపుల పక్కనే రియల్టర్లు, లోన్ ఆఫీసర్లు వరసగా కనిపిస్తారు. ఒక్కోసారి ఓ మూల, ఇంటి హక్కులు సరిచూసి వాటికి ఇన్సూరెన్స్ ఇచ్చే టైటిల్ కంపెనీ లోగో కూడా ఉంటుంది. రియల్టర్ అక్కడ ఎందుకున్నారో ఎవరికీ చెప్పక్కర్లేదు. టైటిల్ కంపెనీ ఎందుకుందో అడిగితే మాత్రం రెండు ఇళ్లు కొన్నవాళ్లు కూడా ఆలోచనలో పడతారు. "క్లోజింగ్ రోజు, అదే కొనుగోలు పూర్తయ్యే రోజు, అన్ని సంతకాలు పెట్టించుకుంటారే, వాళ్లే కదా" అంటారు. వాళ్లే. కానీ ఫీజు పడేది మీ ఇంటి మీదే అయినప్పుడు, వాళ్లని మీరు ఎప్పుడు ఎంచుకున్నారు?

టైటిల్ కంపెనీ ఊళ్లో ఎక్కడ ఖర్చు పెడుతోందో, ఎవరికి భోజనం పెడుతోందో, ఎవరికి క్లాసులు చెబుతోందో గమనిస్తే ఆ ఊళ్లో ఇళ్లు ఎలా చేతులు మారుతున్నాయో చాలావరకు అర్థమవుతుంది. ఆ ఖర్చుని దానం అనుకుని పొంగిపోనక్కర్లేదు, లంచం అని కొట్టిపారేయనూ అక్కర్లేదు. టెక్సాస్‌లో టైటిల్ కంపెనీ తన ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గించడానికి వీల్లేదు. కస్టమర్ తనంతట తాను వెతుక్కుంటూ రాడు. ఇక పోటీ పడాలంటే మిగిలింది పరిచయాలు, పేరు, ఊళ్లో కనిపించడం. ఇది పట్టుకుంటే మిగతావన్నీ విడివడతాయి.

ముందు పని ఏమిటో చూద్దాం. అమెరికాలో కూడా ప్రభుత్వం "ఈ ఇల్లు ఫలానావాళ్లదే" అని మామూలుగా గ్యారంటీ ఇవ్వదు. కౌంటీ క్లర్క్ ఆఫీసులో డీడ్ రికార్డు చేస్తారు, అంతే. మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగేదీ దాదాపు అదే: డాక్యుమెంటు రిజిస్టరవుతుంది, హక్కు నిజంగా అమ్మినవాడికి ఉందా లేదా అన్నది కొన్నవాడే చూసుకోవాలి. అందుకే ఊళ్లో స్థలం కొంటే ఈసీ తీస్తాం, లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, లాయర్ దగ్గర లీగల్ ఒపీనియన్ తీసుకుంటాం. ఇక్కడ ఆ వెతుకులాట అంతా టైటిల్ కంపెనీ చేస్తుంది, పైగా తను వెతికినదాంట్లో లోపం ఉంటే నష్టం భరిస్తానని పాలసీ రాసిస్తుంది. ఈ ఏర్పాటు 1868లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టుకి వెళ్లిన ఒక కేసు తర్వాత మొదలైంది. ఆస్తి మీద ఉన్న ఒక బాకీ చెల్లదని లాయర్ చెబితే, కాగితాలు చూసే మనిషి అది నమ్మి కొనుగోలుదారుకి సరే అన్నాడు, తర్వాత ఆ బాకీ నిజమేనని తేలింది, డబ్బు పోయింది. కాగితాలు చూసినవాడి నిర్లక్ష్యం లేదు కాబట్టి అతను కట్టక్కర్లేదని కోర్టు తేల్చింది. మరి కొన్నవాడి గతేంటి? ఆ ఖాళీలోంచే 1876లో ఫిలడెల్ఫియాలో మొదటి టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ పుట్టింది.

మన దగ్గర ఈ ఖాళీని ఎవరు పూడ్చాలన్న గొడవ ఇంకా తేలలేదు. 2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ అంతా మార్మోగిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం ఆ ప్రయత్నమే. ప్రభుత్వం మారగానే దాన్ని రద్దు చేశారు. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. 2016 రెరా చట్టంలో 16వ సెక్షన్ ప్రాజెక్టు భూమి టైటిల్‌కి బిల్డర్ ఇన్సూరెన్స్ తీసుకోవాలని చెబుతుంది, అయితే రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసినప్పుడే అది వర్తిస్తుంది. ఇవన్నీ తలనొప్పిగా గుర్తున్నవాళ్లకి అమెరికా టైటిల్ కంపెనీ ఒక వరంలా అనిపిస్తుంది. వరమే అనుకోండి, కానీ దానికీ రేటుంది.

ఆ రేటుని టెక్సాస్‌లో కంపెనీలు పెట్టవు, రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ పెడుతుంది. టీడీఐ అంటారు దాన్ని. 2019 సెప్టెంబర్‌లో వచ్చిన పట్టిక ప్రకారం 5 లక్షల డాలర్ల ఇంటికి ఓనర్ పాలసీ 2,940 డాలర్లు. దాంతోపాటే బ్యాంకు కోసం తీసుకునే పాలసీకి ఇంకో 100. రేట్లు తగ్గించాలని శాఖ, కుదరదని ఇండస్ట్రీ 2025లో కోర్టు దాకా వెళ్లాయి కాబట్టి మీరు కొనేనాటి పట్టిక టీడీఐ సైట్‌లో చూసుకోండి. ఏ పట్టిక అయినా అసలు సంగతి మారదు: రోడ్డుకి ఈ పక్కన ఉన్న కంపెనీ అయినా ఆ పక్కన ఉన్నది అయినా ప్రీమియం ఒక్కటే. "మేం తక్కువకి చేస్తాం" అని ఎవరైనా అంటే అది చట్టవిరుద్ధం, రిబేటు ఇవ్వడం కూడా అంతే.

ఇక ఆ 2,940 ఎక్కడికి పోతుంది? వెనకుండి పాలసీ పూచీ పడే పెద్ద కంపెనీలు అమెరికా మొత్తానికి ముఖ్యంగా నాలుగు: ఫిడెలిటీ నేషనల్, ఫస్ట్ అమెరికన్, ఓల్డ్ రిపబ్లిక్, స్టీవర్ట్. చివరిది 1893లో టెక్సాస్‌లోనే, గాల్వెస్టన్‌లో మొదలైంది. కానీ టెక్సాస్‌లో ప్రీమియంలో ఆ పెద్ద కంపెనీకి పోయేది 15 శాతం, మిగతా 85 శాతం మీ ముందు కూర్చుని సంతకాలు పెట్టించే స్థానిక ఏజెంట్‌దే. అంటే ప్రీమియంలో సింహభాగం ఊళ్లోనే ఉండిపోతుంది. ఆఫీసు అద్దె, రికార్డులు వెతికేవాళ్ల జీతాలు, క్లోజింగ్ డబ్బు, కాగితాలు మధ్యవర్తిగా చూసే ఎస్క్రో ఆఫీసర్లు, మార్కెటింగ్ అన్నీ అందులోంచే. మామూలు ఇన్సూరెన్స్‌లో ప్రీమియం ఎక్కువగా క్లెయిములకి పోతుంది. టైటిల్‌లో క్లెయిములకి పోయేది 5 శాతం దగ్గర అని 2007లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ లెక్క చెప్పింది. ఇక్కడ ఖర్చంతా ప్రమాదం జరగకముందు వెతకడానికే అని కంపెనీలు అంటాయి. అందులో నిజముంది. అదే జీఏఓ నివేదిక ఇంకో మాట కూడా చెప్పింది: ఈ కంపెనీలు మార్కెటింగ్ చేసేది కొనేవాళ్లకి కాదు, కొనేవాళ్లని పంపే రియల్టర్లకి, లెండర్లకి, బిల్డర్లకి.

నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో కీలకం ఇదే.

చట్టం మాత్రం బాగానే ఉంది. 1974 నాటి రెస్పా చట్టం కస్టమర్‌ని పంపినందుకు ఎవరికీ ఏదీ ముట్టజెప్పకూడదంటుంది. డబ్బే కాదు, విలువున్న ఏ వస్తువూ ఇవ్వకూడదు. మీరు డబ్బు కట్టే టైటిల్ పాలసీని ఫలానా కంపెనీ దగ్గరే తీసుకోవాలని అమ్మేవాడు షరతు పెట్టకూడదని అదే చట్టంలో ఇంకో సెక్షన్ ఉంది. మామూలు ప్రచారం, క్లాసులు చెప్పడం లాంటివి చెయ్యొచ్చు, కానీ అది రిఫరల్‌తో ముడిపడి ఉండకూడదు, రియల్టర్ తన జేబులోంచి పెట్టాల్సిన ఖర్చుని కంపెనీ భరించకూడదు. అంటే రియల్టర్లకి కొత్త చట్టం మీద క్లాసు పెట్టి కాఫీ ఇస్తే తప్పులేదు. రియల్టర్ ఫ్లయర్ల ప్రింటింగ్ బిల్లు కడితే తప్పు. మార్కెటింగ్ ఒప్పందం పేరుతో అసలు రిఫరల్స్‌కే డబ్బిచ్చారని 2014లో మిషిగన్‌లోని ఒక టైటిల్ కంపెనీతో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ 2 లక్షల డాలర్లు కట్టించింది.

ఈ గీతల మధ్య నడుస్తున్నప్పుడు, బతుకమ్మకి, స్కూల్ ఫండ్‌రైజర్‌కి, ఫుడ్ డ్రైవ్‌కి డబ్బివ్వడం అన్నిటికంటే క్షేమమైన మార్కెటింగ్. రిఫరల్‌కి ముడిపెట్టనంతవరకు చట్టం అడ్డు చెప్పదు. ఊరికి ఉపయోగం. అదే ఈవెంట్‌లో రియల్టర్లందరూ ఉంటారు, పరిచయాలు పెరుగుతాయి. ఇందులో తప్పేం లేదు, కానీ స్పాన్సర్ చేశారు కాబట్టి మంచి కంపెనీ అని మాత్రం అనుకోవద్దు. రెండిటికీ సంబంధం లేదు.

ఒక టైటిల్ కంపెనీ ఊరికి నిజంగా చేయగలిగే సేవ దాని వృత్తిలోనే ఉంది. ఉదాహరణకి వారసత్వం. తాతల పేరు మీదే ఇల్లు ఉండిపోయి, వీలునామా లేక, పిల్లలు, వాళ్ల పిల్లలు అందరూ హక్కుదారులై, ఎవరూ అమ్మలేక, లోన్ తెచ్చుకోలేక ఉన్న ఇళ్లు అమెరికాలోనూ కొల్లలు. ఫిలడెల్ఫియా నగరంలోనే ఇలా చిక్కుపడ్డ టైటిళ్లు 10 వేలకు పైగా ఉన్నాయని 2021లో ప్యూ సంస్థ లెక్క తేల్చింది. తుఫాను వచ్చాక ఇల్లు బాగుచేసుకోవడానికి ప్రభుత్వ సాయం అడిగితే, ఇల్లు మీదేనని కాగితం చూపించలేక ఆగిపోయిన పేద కుటుంబాలు టెక్సాస్ గల్ఫ్ తీరంలో ఉన్నాయి. ఈ చిక్కులు విప్పడం టైటిల్ వాళ్లకి రోజూ చేసే పని. నెలకొక శనివారం లైబ్రరీలో కూర్చుని ఎవరొస్తే వాళ్ల కాగితాలు చూసి, ఏ లాయర్‌ని ఏమడగాలో చెబితే అది ఎన్ని బ్యానర్ల పెట్టు?

ఇంకొకటి. పాత కాలనీల డీడ్లలో ఈ ఇల్లు తెల్లవాళ్లకి తప్ప ఎవరికీ అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని రాసి ఉండేది. నల్లజాతివాళ్లతో పాటు ఆసియావాళ్లని కూడా పేరు పెట్టి తీసేసిన డీడ్లు ఉన్నాయి. 1948లో అమెరికా సుప్రీంకోర్టు వాటిని కోర్టులు అమలు చేయకూడదంది, 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం పూర్తిగా నిషేధించింది, అయినా ఆ వాక్యాలు రికార్డుల్లో అలాగే ఉండిపోయాయి. వాటిని తీయించుకోవడానికి టెక్సాస్ 2021లో ఒక చట్టం చేసింది. పాత ఇల్లు కొంటున్నప్పుడు ఆ లైను మొదట కంటపడేది టైటిల్ కంపెనీ మనిషికే. "ఇదిగో, ఇది ఇలా తీయించుకోవచ్చు" అని కొనేవాళ్లకి ఒక్క మాట చెప్పినా చాలు.

సరే, ఇప్పుడు మార్కెట్. ఎందుకంటే టైటిల్ కంపెనీలు పెట్టే క్లాసుల్లో కొన్ని "లోకల్ మార్కెట్ అప్‌డేట్" పేరుతోనే ఉంటాయి, వాటికి తెలుగువాళ్లు బాగా వెళ్తారు. అక్కడ చెప్పే మాటలకి టెక్సాస్‌లో మిగతా చోట్లకంటే ఎక్కువ బరువు ఉండటానికి ఒక కారణముంది: ఇక్కడ ఇల్లు ఎంతకి అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పక్కర్లేదు. అలాంటి రాష్ట్రాలు డజను దాకా ఉన్నాయి. కౌంటీ రికార్డులో మీ పక్కింటి డీడ్ తీసి చూడండి, "పది డాలర్లు మరియు తగిన ఇతర ప్రతిఫలం" అని ఉంటుంది. 6 లక్షల ఇంటికైనా అంతే, 20 లక్షల ఇంటికైనా అంతే. అందుకే ఆన్‌లైన్ సైట్లలో టెక్సాస్ ఇళ్ల పాత అమ్మకం ధరలు చాలాసార్లు ఖాళీగా కనిపిస్తాయి. అసలు ధర తెలిసేది రియల్టర్ల ఉమ్మడి ఇళ్ల జాబితా అయిన ఎంఎల్‌ఎస్‌కి, లెండర్‌కి, ఇంటి విలువ కట్టే అప్రైజర్‌కి, టైటిల్ కంపెనీకి. అంటే ఇల్లు అమ్ముడైతేనే డబ్బొచ్చేవాళ్ల దగ్గరే లెక్కలు ఉన్నాయి. అబద్ధం చెబుతారని నేననడం లేదు. ఏ లెక్క చెప్పాలో ఎంచుకునేది మాత్రం వాళ్లే. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలోని రియల్ ఎస్టేట్ రీసెర్చ్ సెంటర్ నెలనెలా ఉచితంగా పెట్టే గణాంకాలు చూసి వెళ్తే క్లాసులో అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

టైటిల్ కంపెనీకి ఒక విషయం మాత్రం అందరికంటే ముందే తెలుస్తుంది. కాంట్రాక్టు మీద సంతకాలవగానే ఎర్నెస్ట్ మనీ (అడ్వాన్సు) చెక్కు టెక్సాస్‌లో టైటిల్ కంపెనీకే వెళ్తుంది, అక్కడ ఒక ఫైలు తెరుచుకుంటుంది. ఇల్లు అమ్ముడైనట్టు లెక్కల్లోకి ఎక్కేది నెలో నెలన్నరో తర్వాత. ఈలోగా ఎన్ని కొత్త ఫైళ్లు తెరుచుకున్నాయి, ఎన్ని మధ్యలో ఆగిపోయాయి, ఎంతమంది పూర్తి క్యాష్‌తో కొంటున్నారు, అమ్మేవాడికి లోన్ తీరాక చేతికి ఎంత మిగులుతోంది, ఇవన్నీ ఎస్క్రో ఆఫీసర్ టేబుల్ మీద ఉంటాయి. మార్కెట్ క్లాసులో అడగాల్సింది మీడియన్ ధర (సగం ఇళ్లు అంతకంటే ఎక్కువకి, సగం తక్కువకి అమ్ముడైన ధర) గురించి కాదు, "ఈ నెల మీ ఆఫీసులో కాంట్రాక్టులు ఎన్ని క్యాన్సిలయ్యాయి, పోయినేడు ఇదే నెలలో ఎన్ని" అని అడగండి. ఒక ఆఫీసు లెక్కే కాబట్టి ఊరంతటికీ అదే అనుకోకూడదు, కానీ నిజాయితీగా చెప్పే మనిషి అయితే బ్రోషర్లో లేని సంగతి దొరుకుతుంది.

ఉత్తర డాలస్ మార్కెట్‌ని అర్థం చేసుకోవాలంటే రెండు విషయాలు కలిపి చూడాలి, వడ్డీ రేట్లు, ఖాళీ భూమి. ముందు వడ్డీ. ఇంటి లోన్ల సంస్థ ఫ్రెడ్డీ మ్యాక్ లెక్కల్లో 30 ఏళ్ల ఫిక్స్‌డ్ రేటు 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది, 2023 అక్టోబర్‌లో 7.79కి ఎక్కింది. 4 లక్షల డాలర్ల లోన్ మీద 3 శాతానికి నెలకి అసలు, వడ్డీ కలిపి 1,686 డాలర్లు పడితే 7 శాతానికి 2,661 పడుతుంది. అదే ఇల్లు, అదే లోన్, నెలకి 975 డాలర్లు తేడా. 2021లో కొన్న ఫ్రిస్కో కుటుంబం ఇంకో పడగ్గది కావాలనుకున్నా ఎందుకు కదలడం లేదో ఇందులోనే ఉంది. వాళ్లు ఇల్లు వదులుకోలేక కాదు, ఆ రేటు వదులుకోలేక. దేశం మొత్తంలో 2024లో అమ్ముడైన పాత ఇళ్లు 40.6 లక్షలు, 1995 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు.

పాత ఇళ్లు కదలకపోతే కొత్తవాళ్లు ఎక్కడ కొంటారు? ఖాళీ భూమి ఉన్నచోట. 2000లో ఫ్రిస్కో జనాభా 34 వేలు కూడా లేదు, 2020కి 2 లక్షలు దాటింది. అక్కడ భూమి అయిపోతున్నకొద్దీ బిల్డర్లు ఉత్తరానికి, తూర్పుకి జరిగారు. సెన్సస్ బ్యూరో లెక్కల్లో 2023లో దేశంలోకెల్లా వేగంగా పెరిగిన నగరం సెలీనా, 26.6 శాతం. 2024లో ప్రిన్స్‌టన్, 30.6 శాతం. రెండూ ఈ పక్కనే. ప్రిన్స్‌టన్ అయితే నీళ్లు, మురుగు లైన్లు, రోడ్లు తట్టుకోలేకపోతున్నాయని 2024 సెప్టెంబర్‌లో కొత్త ఇళ్ల అనుమతులే కొన్నాళ్లు ఆపేసింది.

ఇక్కడ బిల్డర్లు ధర తగ్గించడానికి అంత తేలిగ్గా ఒప్పుకోరు. తగ్గిస్తే నిన్న కొన్న పక్కింటాయన గొడవపెట్టుకుంటాడు, రేపటి అప్రైజల్స్ దెబ్బతింటాయి. అందుకని ధర అలాగే ఉంచి, లెండర్‌కి తామే డబ్బు కట్టి మీ వడ్డీ రేటు తగ్గిస్తారు, దాన్నే రేట్ బయ్‌డౌన్ అంటున్నారు. 5 లక్షల ఇంటికి 4 లక్షల లోన్ తీసుకుంటే, 7 శాతం బదులు 5 శాతానికి ఇప్పిస్తే నెలకి 500 డాలర్లకు పైగా తగ్గుతుంది. కాంట్రాక్టులో మాత్రం 5 లక్షలే. ఎంఎల్‌ఎస్‌కి ఎక్కితే అక్కడా అంతే. "మా ఏరియాలో ధరలు పడలేదు" అని చెప్పే చార్టులో ఈ తగ్గింపు ఎక్కడా ఉండదు. రెండు వీధుల అవతల సొంతంగా ఇల్లు అమ్ముకునే మనిషి ఆ వడ్డీ ఇవ్వలేడు కాబట్టి అతను మాత్రం ధరే తగ్గించాలి. పైగా బిల్డర్లు చిన్న ఇళ్లు ఎక్కువ కడితే ఏ ఇంటి ధరా తగ్గకుండానే మీడియన్ తగ్గినట్టు కనిపిస్తుంది. కాబట్టి మీడియన్ ఒక్కటే చూసి సంతోషపడొద్దు, భయపడొద్దు కూడా.

మన వాళ్లకి ప్రత్యేకంగా తగిలిన మార్పులు ఇంకొన్ని ఉన్నాయి. 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డు లేని వీసాదారులకి ప్రభుత్వ పూచీ ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు ఆగిపోయాయి. తక్కువ డౌన్ పేమెంట్‌తో ఆ దారిలో వెళ్దామనుకున్న హెచ్1బీ కుటుంబాలకి ఇప్పుడు ఆ పూచీ లేని కన్వెన్షనల్ లోనే దిక్కు. సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక టెన్షన్ ఇంకా పెరిగింది. వీసా ఉన్నవాళ్లకి నేరుగా వర్తించకపోయినా ఇప్పుడే కొనాలా, ఆగాలా అని లెక్కలేసుకునేవాళ్లు ఎక్కువయ్యారు.

పైన చెప్పిన బయ్‌డౌన్ సాధారణంగా ఊరికే రాదు. బిల్డర్ చెప్పిన లెండర్ దగ్గరే లోన్ తీసుకోవాలి, బిల్డర్ సొంత టైటిల్ కంపెనీలోనే క్లోజ్ చేయాలి అంటారు. పెద్ద బిల్డర్లలో చాలామందికి సొంత టైటిల్ కంపెనీలున్నాయి. సంబంధం ముందే కాగితం మీద చెప్పి, మీ ఇష్టం అన్నంతవరకు అది చట్టబద్ధమే. ప్రీమియం ఎక్కడైనా ఒకటే కాబట్టి బయ్‌డౌన్ బాగుంటే ఒప్పుకోవడంలో నష్టం లేదు. కానీ రెండు చూడండి. ఎస్క్రో ఫీజుని టీడీఐ నిర్ణయించదు, అది కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి పోల్చుకోవాల్సిన అంకె అదే. రెండోది టైటిల్ కమిట్‌మెంట్. కాంట్రాక్టు తర్వాత వచ్చే, పాలసీ ఏ షరతుల మీద ఇస్తారో చెప్పే ఈ పీడీఎఫ్‌ని చాలామంది తెరవను కూడా తెరవరు.

అందులో షెడ్యూల్ ఏ అంటే పేర్లు, మొత్తాలు. షెడ్యూల్ సీ అంటే క్లోజింగ్‌లోపు తీర్చాల్సిన చిక్కులు. షెడ్యూల్ డీలో ఆ టైటిల్ కంపెనీ యజమానులెవరో, మీ ప్రీమియం ఎవరెవరికి ఎంత పోతుందో రాసి ఉంటుంది, 85, 15 లెక్క మీ కళ్లతో మీరే చూడొచ్చు. అన్నిటికంటే ముఖ్యం షెడ్యూల్ బీ, అంటే పాలసీ కవర్ చేయనివి. అందులో పన్నుల లైను ఒకటి ఉంటుంది: భూమి వాడకం మారినందువల్ల వెనకటి ఏళ్లకి పడే పన్నులు మా బాధ్యత కాదు అని. సెలీనాలో, ప్రిన్స్‌టన్‌లో మీ కాలనీ మొన్నటిదాకా పొలమే. పొలంగా ఉన్నప్పుడు పన్ను నామమాత్రం. ఇళ్లు లేచాక కౌంటీ వెనక్కి వెళ్లి మూడేళ్ల తేడా వసూలు చేయొచ్చు. అది బిల్డర్ కడతాడా మీరు కడతారా అన్నది కాంట్రాక్టులో రాసుకోవాలి, పాలసీ కాపాడదు. భూమి కింద ఖనిజ హక్కులు ఎప్పుడో ఎవరో విడిగా అట్టేపెట్టుకున్న సంగతి కూడా అక్కడే కనిపిస్తుంది. కంచె గొడవల భయముంటే, సర్వే చేయించి, ప్రీమియం మీద 5 శాతం ఎక్కువ కట్టి సరిహద్దుల కవరేజీ అడగొచ్చు. అడిగితేనే ఇస్తారు.

పన్ను గురించి ఇంకో మాట. టెక్సాస్‌లో ఆస్తి పన్ను జనవరి 1న ఇల్లు ఏ స్థితిలో ఉందో దాన్నిబట్టి వేస్తారు. జనవరిలో ఖాళీ ప్లాటుగా ఉండి జులైలో మీరు దిగితే ఆ ఏడాది పన్ను ప్లాటు మీదే. నెలవారీ కిస్తీ తక్కువగా ఉందని సంతోషిస్తారు. మరుసటేడు ఇంటి పూర్తి విలువ మీద, ఈ కొత్త కాలనీల్లో మడ్, పిడ్ (నీళ్లు, రోడ్ల లాంటి వాటి ఖర్చు కోసం కాలనీల మీద వేసేవి) కలుపుకుంటే 2 శాతం దాటి పడ్డప్పుడు, పన్నుల కోసం లెండర్ దగ్గర ఉండే ఎస్క్రో ఖాతాలో వేల డాలర్ల లోటు వచ్చి కిస్తీ ఒక్కసారిగా ఎగిరిపోతుంది. కొత్త ఇళ్లు కొన్న తెలుగు కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఏ టైటిల్ కంపెనీ అయినా ఊరికి సేవ చేయాలనుకుంటే పండగ స్టాల్ దగ్గర పెన్నులు పంచే బదులు ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసి చూపించినా చాలని నేను గట్టిగా నమ్ముతాను.

వైర్ మోసాల గురించి చెప్పే క్లాసు ఎవరు పెట్టినా వెళ్లండి, స్పాన్సర్ ఎవరని చూడొద్దు. క్లోజింగ్‌కి రెండు రోజుల ముందు టైటిల్ ఆఫీసు పేరుతోనే, మీ ఫైల్ నంబర్‌తో సహా ఈమెయిల్ వస్తుంది, "మా బ్యాంకు అకౌంటు మారింది, డౌన్ పేమెంట్ ఈ నంబర్‌కి పంపండి" అని. ఈమెయిల్ అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉంటుంది. పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. ఇలా వ్యాపారపు ఈమెయిళ్లని అడ్డం పెట్టుకుని చేసే మోసాల్లో 2023లో పోయింది 290 కోట్ల డాలర్లకు పైనే అని ఎఫ్‌బీఐ లెక్క. వచ్చిన ఈమెయిల్లోని నంబర్‌కి కాకుండా, మొదటి రోజు మీరు విడిగా రాసుకున్న ఆఫీసు నంబర్‌కి ఫోన్ చేసి అకౌంటు వివరాలు నోటితో చెప్పించుకోండి.

హైదరాబాదో విజయవాడో తిరిగి వెళ్లిపోయి, ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చుకున్నవాళ్లకి వేరే జాగ్రత్త. అమెరికా పౌరసత్వం, గ్రీన్‌కార్డు లేకుండా అక్కణ్నుంచి అమ్మితే ఫిర్‌ప్టా చట్టం కింద మామూలుగా అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి పంపాలి. లాభంలో కాదు, ధరలో. 5 లక్షల ఇంటికి 75 వేల డాలర్లు. పట్టుకోవాల్సిన బాధ్యత చట్టప్రకారం కొనేవాడిది, కాబట్టి టైటిల్ కంపెనీ అస్సలు వదలదు. నిజంగా పడే పన్ను అంతకంటే తక్కువైతే, తక్కువ పట్టుకోవడానికి అనుమతి కోసం క్లోజింగ్‌కి ముందే ఐఆర్‌ఎస్‌కి 8288-బీ ఫారం పెట్టుకోవాలి. పవర్ ఆఫ్ అటార్నీ నమూనా కూడా సంతకం పెట్టకముందే టైటిల్ ఆఫీసుకి పంపి సరేననిపించుకోవాలి. లేకపోతే కాన్సులేట్ చుట్టూ రెండోసారి తిరగాలి.

వారసత్వం గురించి పైన చెప్పింది ఎవరో పాత కాలనీలవాళ్ల సమస్య అనుకోకండి. పెళ్లికాని కుర్రాడు సెలీనాలో ఇల్లు కొని, వీలునామా రాయకుండా పోతే టెక్సాస్ చట్టం ప్రకారం ఆ ఇల్లు తల్లిదండ్రులిద్దరికీ చెరిసగం. ఒకరే బతికుంటే సగం వాళ్లకి, మిగతా సగం తోబుట్టువులకి. నల్లగొండలోనో నెల్లూరులోనో ఉన్న ఆ పెద్దవాళ్లు ఇంగ్లిష్ అఫిడవిట్ల మీద సంతకాలు పెట్టి, వారసులం మేమేనని రుజువు చేసుకుని, ఆపైన ఫిర్‌ప్టా కూడా దాటాక గానీ అమ్మలేరు, ఈలోపు కిస్తీలు, పన్నులు, కాలనీ సంఘం (హెచ్‌ఓఏ) ఫీజులు ఆగవు. 2015 నుంచి టెక్సాస్‌లో ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడ్ అని ఒకటుంది. మీ తర్వాత ఇల్లు ఎవరికి చెందాలో అందులో రాసి, నోటరీ చేయించి రికార్డు చేస్తే ఆ ఇంటి కోసం కోర్టు మెట్లెక్కే పని చాలావరకు తప్పుతుంది, మీరు బతికున్నన్నాళ్లూ అమ్ముకోవచ్చు, మనసు మార్చుకోవచ్చు. కాకపోతే మనిషి పోకముందే అది కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డయి ఉండాలి, బీరువాలో ఉంటే చెల్లదు.